పెద్దాయన చార్జి అప్పగింత: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే తరహా మనిషి గురించి. తొంభైకి అటూ ఇటూ వయసు. వయసులో ఉన్న రోజుల్లో సైన్యంలోనో, ఆనకట్టల మీదో, రెండు చోట్లానో పనిచేసి, జంటనగరాల్లో ఎక్కడో ఇల్లు కట్టుకుని, ఇప్పటికీ ఆ ఇంటికి పెద్దదిక్కుగా ఉన్నాయన. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆయనకే. ఇంటికి సంబంధించినవి స్ట్రక్చరల్ ఇంజనీరుతో, పెన్షను సంగతులు సైనిక రికార్డుల పని తెలిసినవారితో, కాగితాలు, ఫొటోల సంగతి వాటిని భద్రపరిచే పనిలో ఉన్నవారితో రాయించాం.

ప్ర: మా తాతయ్యకు 92 ఏళ్ళు. నాగార్జునసాగర్‌లో జూనియర్ ఇంజనీరుగా చేరి, చైనా యుద్ధం తర్వాత ఎమర్జెన్సీ కమిషన్ (అత్యవసరంగా ఇచ్చే తాత్కాలిక ఆఫీసరు నియామకం) మీద ఆర్మీ ఇంజనీర్స్‌లోకి వెళ్ళి, మళ్ళీ డిపార్టుమెంటుకు వచ్చారు. ఆయన జ్ఞాపకాలు రికార్డు చేద్దామని ఫోను ముందు పెట్టి "చెప్పండి తాతయ్యా" అంటే, "చెప్పేదేముందమ్మా, పనిచేశాం, వచ్చాం" అని పేపరు తీసుకుంటారు. ఎలా అడగాలి? – ఒక మనవరాలు, ఈస్ట్ మారేడ్‌పల్లి

జ: తప్పు తాతయ్యది కాదు, ప్రశ్నది. "మీ జీవితం గురించి చెప్పండి" అంటే ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరికీ తెలీదు, ఇంజనీరుకు అసలే తెలీదు. ఆయన చేతికి ఒక వస్తువు ఇవ్వండి. నేల ఎత్తుపల్లాలు కొలిచి రాసుకునే పాత లెవెల్ బుక్ ఒక్కటి దొరికినా చాలు. బ్యాక్ సైట్, ఇంటర్మీడియట్ సైట్, ఫోర్ సైట్, రైజ్, ఫాల్, ఆర్.ఎల్. (రెడ్యూస్డ్ లెవెల్, అంటే ఆ చోటు ఎత్తు) అని గళ్ళు ఉంటాయి. పేజీ అడుగున మూడు తీసివేతలు ఉండాలి: బ్యాక్ సైట్ల మొత్తంలోంచి ఫోర్ సైట్ల మొత్తం తీసేస్తే ఎంతో, రైజుల మొత్తంలోంచి ఫాల్‌ల మొత్తం తీసేసినా అంతే రావాలి, చివరి ఆర్.ఎల్. లోంచి మొదటిది తీసేసినా అంతే. "ఇది సరిపోయిందా తాతయ్యా?" అని అడిగి చూడండి. కళ్ళజోడు సర్దుకుని, పెన్సిలు తెమ్మని, కూడిక మొదలుపెడతారు. సరిపోకపోతే ఆ రోజు స్టాఫు (కొలతకర్ర) పట్టుకున్నది ఎవరో, ఎందుకు తప్పు వచ్చిందో కూడా బయటికొస్తుంది. మీకు కావలసింది ఆ మాటలే.

ఆర్మీ సంగతికి బెయిలీ బ్రిడ్జి, అంటే ఇనుప ప్యానెళ్ళు జోడించి కట్టే వంతెన, మంచి తాళంచెవి. ఒక్కో ప్యానెల్ 10 అడుగుల పొడవు, 5 అడుగుల ఎత్తు, 570 పౌన్ల బరువు. ఆరుగురు మోసేవారు. "యుద్ధంలో ఏం చేశారు?" అని కాకుండా, "ఆ ఆరుగురిలో పొట్టివాడు ఉంటే ఎక్కడ నిలబెట్టేవారు? డబుల్ సింగిల్ వేసేవారా, ట్రిపుల్ సింగిలా? ముందు కట్టే లాంచింగ్ నోస్ అవతలి గట్టుకు తగిలేసరికి రాత్రి ఎంతయ్యేది?" అని అడగండి. డబుల్ సింగిల్ అంటే వంతెనకు ఒక్కో పక్క ప్యానెళ్ళు రెండు వరసలు, ఎత్తున ఒకటే అంతస్తు. ఇంత తెలిసి అడిగితే, వినేవాళ్ళకు అర్థమవుతోందన్న ధైర్యంతో మిగతాది ఆయనే చెబుతారు.

సాగర్ కాంక్రీటు డ్యాం కాదు. దాదాపు 124 మీటర్ల ఎత్తున లేచిన రాతికట్టు. కాబట్టి ఆయన రోజులు మిక్సర్ల కంటే రాయితో, మేస్త్రీలతో, కూలీలతో ఎక్కువ గడిచి ఉంటాయి. మీ క్వార్టరు హిల్ కాలనీలోనా, పైలాన్ కాలనీలోనా, కుడిగట్టున విజయపురి సౌత్‌లోనా? పొద్దున సైట్‌కి ఎలా వెళ్ళేవారు? టిఫిన్ డబ్బా ఎవరు తెచ్చేవారు? రాయి సరిగ్గా కూర్చుందో లేదో దేంతో కొట్టి చూసేవారు? మస్టర్ రోలు (కూలీల హాజరుపట్టీ) ఎవరు రాసేవారు? మేస్త్రీల పేర్లు మాత్రం తప్పకుండా అడగండి. ఇంజనీర్ల పేర్లు ఏదో ఒక ఫైల్లో ఉంటాయి, మేస్త్రీల పేర్లు ఆయన తలలో తప్ప ఎక్కడా ఉండవు.

ఏ సంవత్సరం అని అడిగితే తడబడతారు, ముందా వెనకా అని అడిగితే తడబడరు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పాటు, 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్ళు వదలడం, 1969 తెలంగాణ ఉద్యమం, 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన. ఈ మేకులకు ఆయన బదిలీలు, పెళ్ళి, పిల్లల పుట్టుక తగిలించుకుంటూ పోండి. నాగార్జునకొండ చుట్టూ నీళ్ళు నిలవకముందా తర్వాతా అన్నది ఇంకో మంచి మేకు.

ఇక యంత్రం సంగతి. ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, మడిచిన తువ్వాలు మీద, నోటికి అడుగున్నర దూరంలో ఉంచండి. బల్లమీద నేరుగా పెడితే ఆయన వేళ్ళతో తట్టినప్పుడల్లా బాంబు పడ్డట్టు వినిపిస్తుంది. సీలింగ్ ఫ్యాను ఆపాలి. రికార్డింగులు పాడవడానికి మొదటి కారణం అదే. బాగా వినపడే చెవి వైపు, మీ పెదాలు కనిపించేలా వెలుతురులో కూర్చోండి. టిఫినయ్యాక 40 నిమిషాలు చాలు. మాట ఆగితే మనసులో పది లెక్కపెట్టండి, అందించకండి. అసలు మాట ఆ పదిలోనే వస్తుంది. మొదట్లో తేదీ, ఎవరెవరున్నారో మీ గొంతుతో చెప్పండి. ఫైలు పేరులో సంవత్సరం, నెల, తేదీ ఆ వరసలో పెడితే ఎన్నేళ్ళయినా క్రమం తప్పదు. సాయంత్రానికల్లా రెండో చోటికి కాపీ చేయండి. వాట్సాప్‌లో పంపితే కాపీ అయినట్టు లెక్క కాదు.

ప్ర: నాన్నగారు సాగర్ శంకుస్థాపన రోజున డ్యూటీలో ఉన్నానంటారు. సర్వీసు బుక్కులో ఉద్యోగంలో చేరింది 1957 అని ఉంది. కుటుంబం కోసం చిన్న పుస్తకం వేస్తున్నాం. ఏది వేయాలి? – వనస్థలిపురం

జ: రెండూ వేయండి. చెప్పింది చెప్పినట్టు పైన, కాగితం చెప్పేది కింద చిన్న అక్షరాల్లో. రికార్డు చేసేటప్పుడు మాత్రం సరిదిద్దకండి. ఒక్కసారి దిద్దితే ఆ తర్వాత ప్రతి వాక్యానికీ మీ మొహం చూస్తారు. అప్పట్లో విద్యార్థిగానో, నెలజీతం లేని దినకూలీ ట్రేసరుగానో (డ్రాయింగులకు నకళ్ళు గీసేవాడు) వెళ్ళి ఉండొచ్చు. సర్వీసు బుక్కు రెగ్యులర్ అయిన తేదీ నుంచే మొదలవుతుంది, మనిషి అంతకు ముందే మొదలవుతాడు.

తేదీ లేని కాగితాలు ఇంకా ఉంటే, అందులోని డబ్బు చూడండి. అణాలు, పైసల్లో లెక్కలుంటే అది 1957 ఏప్రిల్ 1కి ముందుదై ఉండే అవకాశమే ఎక్కువ, నయాపైసలు ఆ రోజు నుంచే వచ్చాయి. "హాలీ" అని రాసి ఉంటే నిజాం రూపాయి. 7 హాలీలు 6 ఇండియా రూపాయలకు సమానం. అడుగులు, అంగుళాలు మాత్రం అంత గట్టి సాక్ష్యం కాదు. మీటర్లు వచ్చాక కూడా చాలామంది ఇంజనీర్లు అడుగుల్లోనే ఆలోచించారు, ఇప్పటికీ ఆలోచిస్తున్నారు.

ప్ర: మా బాపు మద్రాస్ సాపర్స్‌ల (ఆర్మీ ఇంజనీర్ల దళం) సుబేదారుగ జేసి రిటైరయిండు. పెన్షను వస్తుంది గని, లైఫ్ సర్టిఫికెట్‌కు వేలిముద్ర పడక ప్రతి ఏడు తిప్పలయితుంది. కాగితాల్ల అమ్మ పేరు ఒక్కోతాన ఒక్కోతీరుగ ఉంది. పుట్టినతేదీ గూడ బడి సర్టిఫికెట్ల ఫస్లీల ఉందట. ఏం జెయ్యాలె? – ఉప్పల్

జ: మూడు విషయాలు. వేలిముద్ర తేలిక, పేరు కష్టం, కానీ ముందు చేయాల్సింది పేరే.

అమ్మ పేరు పీపీఓలో (పెన్షను చెల్లింపు ఉత్తర్వు) లచ్చమ్మ, ఆధార్‌లో లక్ష్మమ్మ, బ్యాంకులో లక్ష్మి అని ఉందనుకుందాం. నాన్న ఉన్నంతకాలం ఎవరూ పట్టించుకోరు. ఆయన తర్వాత కుటుంబ పెన్షను ఆగిపోయేది ఇక్కడే. అప్పుడు ఆమె ఆమే అని రుజువు చేసే మొదటి సాక్షి ఉండడు. ఇప్పుడే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళి, బాపు సంతకంతో దరఖాస్తు, ఇద్దరి ఆధార్, డిశ్చార్జి బుక్కు, పీపీఓ, జాయింట్ ఫొటో, ఈ పేర్లన్నీ ఒకరివేనని అఫిడవిట్ పెట్టి, బెంగళూరులోని ఎం.ఈ.జీ. (మద్రాస్ ఇంజనీర్ గ్రూప్, అంటే మద్రాస్ సాపర్స్) రికార్డ్స్‌కు పంపించండి. అక్కడ పార్ట్-2 ఆర్డరు (మార్పును రికార్డుకెక్కించే ఉత్తర్వు) పడితే, దాన్ని బట్టి సవరించిన పీపీఓ వస్తుంది. ఇంటిపేరు ముందా వెనకా, పొడి అక్షరమా పూర్తిగానా అన్నది కూడా చూసుకోండి. మన ఇంటిపేరు ముందొస్తుంది, కంప్యూటరు ఫారంలో చివరొస్తుంది. సగం తేడాలు అక్కడివే.

ఫస్లీ సంగతి: నిజాం రాజ్యపు ఫస్లీ ఏడాది అక్టోబరులో మొదలయ్యేది. 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1343 ఫస్లీ అంటే 1933 అక్టోబరు నుంచి 1934 అక్టోబరు దాకా. అయితే పెన్షనుకు లెక్క సర్వీసు రికార్డులోని తేదీయే. రిటైరయ్యాక దాన్ని మార్చాలని తిరగడం వృథా. ఆధార్‌నే దానికి సరిచేయించండి. ఈ తేదీ ఎందుకు ముఖ్యమంటే, 80 నిండితే మూల పెన్షనుపై అదనంగా 20 శాతం, 85కి 30, 90కి 40, 95కి 50, నూరేళ్ళకు 100 శాతం కలుస్తుంది. ఆ వయసు నిండే నెల మొదటి తేదీ నుంచే రావాలి. 90 నిండిన నెల స్లిప్పులో 40 శాతం కనబడకపోతే, రికార్డులో పుట్టినతేదీ ఖాళీగానో తప్పుగానో ఉందన్నమాట.

వేలిముద్ర: ముసలి వేళ్ళ గీతలు అరిగిపోతాయి, అది యంత్రం తప్పు కాదు. లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే జీవన్ ప్రమాణ్ యాప్, దానితోపాటు ఆధార్ ఫేస్ ఆర్.డి. యాప్ ఫోన్లో వేసుకుని మొహంతో చేయండి. కిటికీకి ఎదురుగా, వెనక ఖాళీ గోడ ఉండేలా కూర్చోబెట్టండి. కళ్ళజోడు తీయించి, కళ్ళు నెమ్మదిగా ఆర్పమనండి. పెన్షను స్పర్శ్‌లోకి (రక్షణశాఖ ఆన్‌లైన్ పెన్షను వ్యవస్థ) మారి ఉంటే, చెల్లించే సంస్థ దగ్గర పాత బ్యాంకు పేరు కాకుండా "స్పర్శ్ – పీసీడీఏ పెన్షన్స్, అలహాబాద్" అన్నదే ఎంచుకోవాలి. అక్కడ బ్యాంకు పేరు పెడితే సర్టిఫికెట్ తయారవుతుంది, నంబరు కూడా వస్తుంది, కానీ చేరవలసిన చోటికి చేరదు. రెండు మూడు నెలల తర్వాత పెన్షను ఆగేదాకా తెలీదు. ఈ సర్టిఫికెట్ మామూలుగా నవంబరులో ఇవ్వాలి, 80 దాటినవారు అక్టోబరు 1 నుంచే ఇవ్వచ్చు. ఆ వెసులుబాటు వాడుకోండి.

ప్ర: తాతగారి మెడల్స్ నల్లబడ్డాయి. ఇత్తడి పాలిష్‌తో రుద్దవచ్చా? ఏవి ఏమిటో ఎలా తెలుస్తుంది? – సఫిల్‌గూడ

జ: రుద్దవద్దు. అంచు మీద నంబరు, ర్యాంకు, పేరు సన్నగా చెక్కి ఉంటాయి, పాలిష్ ముందు తినేసేది వాటినే. మెత్తటి పొడి నూలుబట్టతో తుడిచి, భూతద్దంతో అంచు చదివి, ఉన్నదున్నట్టు రాసుకోండి. ఆ నంబరే రికార్డ్స్‌కు రాయడానికి ఆధారం. ఏది ఏమిటో మెడల్ మీదే రాసి ఉంటుంది: 1965 యుద్ధకాలపు సేవకు రక్షా మెడల్, 1971కి సంగ్రామ్ మెడల్, అదే యుద్ధంలో తూర్పు రంగానికి పూర్వీ స్టార్, పడమటికి పశ్చిమీ స్టార్. రిబ్బన్లు ఎండకు వెలుస్తాయి, కాబట్టి గాజు ఫ్రేము హాల్లో కిటికీ ఎదురుగోడకు తగిలించకండి.

ప్ర: నాన్నగారు 1968లో సైనిక్‌పురిలో దగ్గరుండి కట్టించిన ఇల్లు. పిల్లర్లు లేవు, 9 అంగుళాల ఇటుక గోడల మీద స్లాబు. పైన ఇంకో అంతస్తు వేద్దామంటే ఆయన ఒప్పుకోవడం లేదు. కాంట్రాక్టరేమో "పునాది ఏనుగులాంటిది సార్, రెండు వేసినా మోస్తుంది" అంటున్నాడు. సన్‌షేడ్ల కింద పెచ్చులు రాలుతున్నాయి, వాటికి ప్లాస్టరింగ్ చేయిస్తే సరిపోతుందా? – ఇద్దరు కొడుకులు

జ: ఏనుగు మాట పక్కనపెట్టి లెక్క వేద్దాం. 9 అంగుళాల గోడ 10 అడుగుల ఎత్తు లేపితే మీటరు పొడవుకు దాదాపు 1.35 టన్నులు. 5 అంగుళాల స్లాబు, పైన ఫ్లోరింగు, మనుషులు, సామాను కలిపి చదరపు మీటరుకు దాదాపు 0.6 టన్ను. గది 4 మీటర్ల వెడల్పయితే అందులో సగం ఒక గోడ మీదికొస్తుంది, అంటే 1.2 టన్నులు. బయటి గోడకు మీటరుకు 2.5 టన్నుల కొత్త బరువు. రెండు పక్కలా గదులున్న మధ్యగోడకు 3.75. పునాది అడుగు 2 అడుగుల వెడల్పుంటే, మధ్యగోడ కింద నేల మీద చదరపు మీటరుకు 6 టన్నులు అదనంగా పడతాయి.

ఇది ఎక్కువా తక్కువా అన్నది కింద ఏముందన్న దాన్ని బట్టి. గట్టి మొరం, పొడిరాయి తగిలితే చదరపు మీటరుకు 20 టన్నులు పైగా మోస్తుంది, 6 ఒక లెక్క కాదు. నల్లరేగడి, పూడ్చిన గుంట అయితే ఉన్న బరువే ఎక్కువ. హైదరాబాదులో ఒకే ప్లాటులో ఒక మూల బండ, ఇంకో మూల పూడిక దొరకడం మామూలే. ఆ మూల ఎటువైపో తెలిసిన మనిషి మీ ఇంట్లోనే ఉన్నారు. ఎందుకు వద్దంటున్నారని కాకుండా, "పునాది తవ్వినప్పుడు ఏ మూల ఎంత లోతుకు వెళ్ళాల్సొచ్చింది నాన్నా?" అని అడగండి. ఆ ఇంటికి యాజ్ బిల్ట్ డ్రాయింగు (కట్టింది కట్టినట్టు చూపే ప్లాను) ఆయనే. ఒక తెల్లకాగితం మీద గోడల గీత గీసి, ఆయన చేత లోతులు వేయించుకోండి. మోర్టారు సిమెంటా, డంగు సున్నమా? ఇటుక బట్టీ ఏది? స్లాబులో కడ్డీ నునుపుదా, మెలికల టార్ స్టీలా? ఆ కాలానికి నునుపు కడ్డీ అయి ఉండే అవకాశమే ఎక్కువ; కాంక్రీటును అది పట్టుకునే పట్టు తక్కువ.

ఆ తర్వాత ఒక మూల మీటరు చదరంలో గుంత తవ్వించి పునాది అడుగు కళ్ళారా చూడండి. గోడ వెంబడి పొడుగ్గా కందకం తవ్వించకండి, పునాది అడుగు కిందికి పోకండి, రాత్రికల్లా పూడ్చేయండి. మధ్యగోడలకు తలుపులు కొట్టించడం, గుమ్మాలు వెడల్పు చేయించడం ఈ యాభై ఏళ్ళలో జరిగిందేమో కూడా చూడండి. కాంట్రాక్టర్లు మర్చిపోయే విషయం ఇదే: పునాది మోసినా, రెండు కిటికీల మధ్య మిగిలిన అడుగున్నర గోడముక్క మోయాలి కదా. ఇవన్నీ చూశాక స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం పెడితేనే మున్సిపల్ అనుమతికి వెళ్ళండి. మా అంచనాకు మీ నాన్నగారి మాటే నెగ్గేలా ఉంది.

పెచ్చుల సంగతి. ప్లాస్టరింగ్ చేయిస్తే ఏడాది రెండేళ్ళు కనబడకుండా ఉంటుంది, అంతే. కాంక్రీటులో ఉండే క్షారగుణం లోపలి ఇనుమును తుప్పు నుంచి కాపాడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ళ తరబడి లోపలికి పాకి ఆ గుణాన్ని చంపేస్తుంది. సన్‌షేడ్లకు కవరింగ్ (కడ్డీ మీద కాంక్రీటు మందం) అర అంగుళమే ఇచ్చేవారు కాబట్టి ముందు అక్కడే. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది, కింది కాంక్రీటును నెట్టేస్తుంది. రాలిన చోట తాజాగా చెక్కి, ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లితే గులాబీరంగు వస్తే కాపు ఇంకా ఉన్నట్టు, రంగు రాకపోతే పోయినట్టు. స్లాబు అడుగంతా చిన్న సుత్తితో తట్టి, బోలు శబ్దం వచ్చినచోట సుద్దతో గుండ్రం చుట్టండి.

పని క్రమం ఇది: ముందు కింద జాకీలు. వదులు కాంక్రీటు కడ్డీ వెనక వేలు దూరేంత దాకా చెక్కాలి. పైపైన ఆపితే వెనకవైపు తుప్పు అలాగే ఉంటుంది. వైరు బ్రష్‌తో ఇనుము మెరిసేదాకా రుద్దాలి. నాలుగో వంతుకు మించి అరిగితే పక్కన కొత్త కడ్డీ కట్టాలి. తుప్పు నిరోధక పూత, తర్వాత పాలిమర్ మోర్టారు, ఒక్కో పొర అర అంగుళానికి మించకుండా. వారం తడపాలి. అసలు కారణం పైన నీళ్ళు దిగడమైతే ఇదంతా బూడిదలో పోసిన పన్నీరే. టెర్రస్ మీద పాత సున్నం, ఇటుకముక్కల పొర పగిలితే దాన్ని తీసేసి కొత్తది వేయాలి. దానిమీదే ఇంకో 4 అంగుళాలు వేయిస్తే చదరపు మీటరుకు దాదాపు 180 కిలోలు ఊరికే నెత్తినెక్కించినట్టు.

ప్ర: ట్రంకుపెట్టెలో చుట్టలుగా డ్రాయింగులు, ఫొటోలు, ఒకటి రెండు మిలిటరీ మ్యాపులు ఉన్నాయి. ఎలా భద్రపరచాలి? – తిరుమలగిరి

జ: నీలిమెరుపుతో గుడ్డలా ఉండేది ట్రేసింగ్ క్లాత్. అది గంజి పట్టించిన నూలుబట్ట. దుమ్ము తుడుద్దామని తడిబట్ట పెడితే గంజి కరిగి, ఇంకు గీతతో సహా పోతుంది. వెనకటికి ఇంజనీర్ల ఇళ్ళలో పనికిరాని ట్రేసింగ్ క్లాతులు ఉడకబెట్టి, చేతిరుమాళ్ళు కుట్టుకునేవారు. ఆ గుణం వల్లే. మెత్తటి పొడి బ్రష్ చాలు. అమ్మోనియా ప్రింట్లు (అమ్మోనియా ఆవిరితో తీసిన డ్రాయింగు నకళ్ళు) వెలుతురుకు వెలిసిపోతాయి, పక్కనున్న కాగితాలకు మరకలంటిస్తాయి, కాబట్టి వేరే చుట్ట కట్టండి. పెళుసుగా ఉన్న చుట్ట బలవంతంగా విప్పకండి. వానాకాలంలో రెండు రోజులు గదిలో బయట పెడితే తేమ పీల్చుకుని అదే లొంగుతుంది. లామినేషన్ వద్దు, సెల్లోటేపు అసలే వద్దు.

ఫొటోలు 600 డీపీఐలో స్కాన్ చేయండి, వెనకవైపు రాత ఉంటే అదీ. ఎవరు ఎవరో పెద్దాయన చెబుతుండగా 2బి పెన్సిలుతో వెనక అంచున రాయండి. బాల్‌పెన్ను ముందుకు పొక్కుతుంది. అంటుకునే ఆల్బంలో ఇరుక్కున్నవాటికి పళ్ళ మధ్య వాడే దారం కిందికి జొనిపి, రంపంలా లాగుతూ విడదీయండి. "రెస్ట్రిక్టెడ్" ముద్ర ఉన్న మ్యాపులు మాత్రం ఎంత పాతవైనా ఫొటో తీసి గ్రూపుల్లో పెట్టకండి. దగ్గరి సైనిక కార్యాలయంలో ఉత్తరం పెట్టి అడిగి, వాళ్ళు చెప్పినట్టు చేయండి.

ప్ర: సైనికుడు, ఇంజనీరు, దీర్ఘాయుష్షు మూడూ కలిసినవాళ్ళు మన చరిత్రలో ఉన్నారా? – ఒక విద్యార్థి, తార్నాక

జ: రోజూ విగ్రహాల్లో కనబడుతూనే ఉంటారు. సర్ ఆర్థర్ కాటన్ మద్రాసు సైన్యపు ఇంజనీరు, మొదటి బర్మా యుద్ధంలో పనిచేశాడు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. 1803లో పుట్టి 1899లో, 96 ఏళ్ళ వయసులో పోయాడు. సైన్యం మినహాయిస్తే మోక్షగుండం విశ్వేశ్వరయ్య: నూరేళ్ళు నిండి 1962 దాకా జీవించారు. 1908 మూసీ వరద తర్వాత హైదరాబాదుకు ఆయన ఇచ్చిన సలహాల ఫలితమే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్.

ప్ర: నాన్నగారి పేరున పాత లైసెన్సు తుపాకి ఉంది. నా పేరుకు మార్చుకోవచ్చా? – మల్కాజిగిరి

జ: మీకు లైసెన్సు మంజూరైతేనే. లైసెన్సుదారుకు 70 ఏళ్ళు నిండినా, ఆయుధం 25 ఏళ్ళు ఉంచుకున్నా, ఏది ముందైతే అది, బతికుండగానే చట్టబద్ధ వారసుడికి మార్చమని కోరే వీలు 2016 ఆయుధ నియమాల్లో ఉంది. దరఖాస్తు మీ పరిధిలోని పోలీసు కమిషనరుకు. ఆయన తర్వాత బీరువాలో ఉంచేసుకోవడం మాత్రం నేరం. వెంటనే స్టేషన్లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో జమచేసి రశీదు తీసుకోండి.

ప్ర: మామగారికి 89. బాత్‌రూంలో రెండుసార్లు తూలారు. పట్టుకునే కడ్డీ పెట్టిస్తానంటే "నేనేం పేషెంటునా" అంటారు. – ఒక కోడలు, ఏఎస్‌రావు నగర్

జ: కడ్డీ పెట్టిస్తామనకండి, పెట్టించండి మామయ్యగారూ అనండి. కమోడ్ మీద కూర్చుని, లేవడానికి చెయ్యి ఎక్కడికి పోతుందో అక్కడ గోడ మీద పెన్సిలు గీత ఆయన్నే పెట్టమనండి. పుస్తకంలోని ఎత్తుల కంటే ఆ గీతే కరెక్టు. కడ్డీ మందం 32 నుంచి 40 మిల్లీమీటర్లు, గోడకూ కడ్డీకీ మధ్య 38 నుంచి 40 ఖాళీ. ఇంకా ఎక్కువుంటే పడేటప్పుడు మోచెయ్యి ఇరుక్కుంటుంది. 4 అంగుళాల గోడకు టైలు మీద ప్లాస్టిక్ ప్లగ్గుతో బిగిస్తే మనిషి బరువు పడ్డ రోజున ప్లగ్గుతో సహా ఊడుతుంది. రంధ్రం టైలు దాటి ఇటుకలోకి పోవాలి, కెమికల్ యాంకర్ (రసాయన జిగురుతో బిగిసే బోల్టు) వాడాలి, బిగించిన మర్నాడు ఇంట్లో బరువైన మనిషి వేలాడి చూడాలి. వాక్యూమ్ కప్పుతో అంటించే కడ్డీలు కొనకండి.

ప్ర: ఇంటి పన్ను, కరెంటు, బ్యాంకు, లాకరు అన్నీ నాన్నగారే చూస్తారు. ఏదీ చెప్పరు. అడిగితే "అప్పుడే తొందరేమిటి" అని నొచ్చుకుంటారు. ఆయన తర్వాత మాకు ఏదీ దిక్కుతెలీదు. – అల్వాల్

జ: ఆయన ఉద్యోగ జీవితంలో బదిలీ అయిన ప్రతిసారీ ఒక పని చేసి ఉంటారు: చార్జి అప్పగింత. స్టోర్సు లెక్క, పెండింగు బిల్లులు, తాళంచెవులు, రెండు సంతకాలు. ఆర్మీలోనూ అంతే, డిపార్టుమెంటులోనూ అంతే. ఎవరూ దాన్ని అవమానమనుకోలేదు. కాబట్టి "మీ తర్వాత" అన్న మాట తీసేసి, ఒక లాంగ్ నోటుబుక్కు, కార్బన్ పేపరు తెచ్చి, "హాండింగ్ ఓవర్ నోట్ ఫార్మాటు ఎలా ఉండేది నాన్నా, ఇంటికొకటి రాద్దాం" అనండి. ఫార్మాటు ఆయనే గీస్తారు. గళ్ళు గీశాక నింపకుండా వదిలే ఇంజనీరు ఉండడు.

అందులో ఉండాల్సినవి: ఇంటి పన్ను పీటీఐఎన్ నంబరు, నల్లా క్యాన్ నంబరు, కరెంటు యూఎస్‌సీ నంబరు, అవి ఎవరి పేరున ఉన్నాయో. బోరు ఎన్ని అడుగులు, మోటారు ఎంత లోతున, పైపులు ఎన్ని. సంపు, డ్రైనేజీ చాంబర్లు ఎక్కడ పూడుకుపోయాయో గోడ నుంచి కొలతతో. పీపీఓ నంబరు, ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డులు ఎక్కడున్నాయి. అత్యవసరంగా ఆ పథకంలో లేని ఆసుపత్రిలో చేర్చాల్సివస్తే 48 గంటల్లో పాలీక్లినిక్‌కు తెలపాలన్న మాట ఆ పేజీలోనే ఎర్ర ఇంకుతో. ప్రతి డిపాజిటుకూ నామినీ పేరు. ఇంటి దస్తావేజు అసలు ఎక్కడుంది, అందులో ఎన్ని గజాలు, టేపు పెట్టి కొలిస్తే ఎన్ని. ఈ రెండూ కలవకపోతే కారణం ఆయనకే తెలిసి ఉంటుంది, రోడ్డు వెడల్పుకు పోయిందో, పక్కింటి గోడ జరిగిందో. వీలునామా ఉంటే ఇద్దరు సాక్షుల సంతకాలున్నాయా, వాళ్ళు వాటాదారులు కాకుండా బయటివారేనా చూడండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ ఈ వయసులో చేయించడమే మేలు, అదే వారంలో తీసుకున్న డాక్టరు సర్టిఫికెట్‌తో.

పూర్తయ్యాక అడుగున "చార్జి అప్పగించినవారు", "చార్జి తీసుకున్నవారు" అని రెండు గీతలు ఆయనే గీస్తారు. తీసుకున్నవారి చోట ఒక్కరే కాకుండా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు అందరూ సంతకం పెట్టి, కార్బన్ కాపీ తలా ఒకటి ఉంచుకోండి. తాళంచెవులు మాత్రం ఆయన దగ్గరే ఉండనివ్వండి.